గొడుగు లేని చెర్రీ సోడా

ప్రతి శుక్రవారం రాత్రి చేపల వేపుడు గిరాకీ అయిపోయి, బల్లలు తుడిచాక గోర్డీ తన దగ్గర పనిచేసేవాళ్లని బార్ ముందు వరసగా కూర్చోబెట్టి "ఏం తాగుతారు?" అని అడుగుతాడు. విస్కాన్సిన్‌లోని ఒక సరస్సు ఒడ్డున అతను నడిపే సప్పర్ క్లబ్బులో, అంటే రాత్రి భోజనాల హోటల్లో, వాళ్ల నాన్న హయాం నుంచీ ఉన్న మర్యాద అది. ఒకరు బీరంటారు, ఒకరు బ్రాందీ అంటారు. మార్లిస్‌ని మాత్రం అడగడు. అడక్కుండానే ఎర్రటి సోడా గ్లాసులో చెర్రీపండ్లు వేసి, పైన కాగితపు గొడుగు గుచ్చి ఆమె ముందు పెడతాడు. అమ్మానాన్నలతో భోజనానికొచ్చే చిన్నపిల్లలకిచ్చే పానీయం అది. మార్లిస్‌కి ఇరవై నాలుగేళ్లు.

చిక్కేమిటంటే, చెర్రీ సోడా అంటే ఆమెకి నిజంగానే ఇష్టం. ఇష్టమైనదే ఇస్తున్నప్పుడు మింగుడుపడనిదేమిటో ఆమెకి చాలా వారాలు అంతుపట్టలేదు.

మార్లిస్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. బడి అయిపోయాక ఆమె కోసమని ఊరు ఆలోచించి పెట్టిన చోటు ఒక్కటే, ఊరి చివర ఒక షెడ్డు. అక్కడ ఆమెలాంటివాళ్లంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్క్రూలు సంచుల్లో పోస్తుంటారు. అందరికీ ఇచ్చి తీరాల్సిన కనీస కూలి వీళ్లకి ఇవ్వక్కర్లేదని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. దానికి శిక్షణ అని ముద్దుపేరు. ఆ శిక్షణ ఎవరికీ పూర్తికాదు. మార్లిస్ పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయన జుట్టు శిక్షణలోనే తెల్లబడింది. స్క్రూలు ఒలకబోసినా అక్కడెవరూ కోప్పడరు, "భలే చేశావ్" అని చప్పట్లు కొడతారు. ఇదంతా దయ అని ఊరి నమ్మకం. దోపిడీకి దయ అని పేరు పెడితే ఇక దాన్ని నిలదీసేవాళ్లుండరు.

పక్క పట్నం కాలేజీలో మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసం రెండేళ్ల చదువు పెట్టారని విని మార్లిస్ తనే పట్టుబట్టి చేరింది. బట్టలు ఉతుక్కోవడం, బస్సు మారడం, పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకోకుండా వండుకోవడం నేర్చుకుంది, రెండుసార్లు కాల్చుకుంది కూడా. నీ మాట నువ్వే ఎలా చెప్పుకోవాలో నేర్పే తరగతి ఒకటుండేది. అందులో మార్లిస్ వెనక బెంచీలో కూర్చుని ఎక్కువగా కిటికీలోంచి చూసేది.

చదువు ఆఖరి విడతలో బయట నిజమైన పని చెయ్యాలి. గోర్డీ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ విడత అయ్యేదాకా భత్యం కాలేజీయే ఇస్తుంది. విడత ముగిశాక గోర్డీ తన సొంత జీతం మీద పెట్టుకుంటేనే మార్లిస్, స్నేహితురాలు రొవీనాతో కలిసి రొట్టెల దుకాణం మీది గదుల్లో అద్దెకుండగలదు. లేకపోతే అమ్మ ఇల్లు, మళ్లీ ఆ షెడ్డు. అమ్మ అప్పుడే పాత గదికి కొత్త కర్టెన్లు కుట్టింది. ప్రేమతోనే కుట్టింది పాపం.

పని దగ్గర తోడుండి నేర్పడానికి కాలేజీ టెస్సా అనే అమ్మాయిని పంపింది. టెస్సా ఉద్యోగమంతా దూరం జరగడమే. మొదట్లో పక్కనే నిలబడేది, తర్వాత గుమ్మం దగ్గరికి జరిగింది, ఇప్పుడు బయట కార్లో కూర్చుంటోంది. "నేను కనబడకుండా పోయిన రోజే నా పని నేను సరిగ్గా చేసినట్టు" అనేది. విడతలో ఆఖరి శుక్రవారం కారు దిగేముందు, తనని పనిలో పెట్టుకోవడం గురించి గోర్డీ ఏమన్నాడని మార్లిస్ అడిగింది. నీకిష్టమైనన్నాళ్లు వచ్చిపొమ్మన్నాడని టెస్సా చెప్పింది. జీతం మాట ఎత్తలేదని చెప్పడానికి కొంచెం తటపటాయించి, అదీ చెప్పేసింది.

లోపల జనం కిటకిటలాడుతున్నారు. వంటింటి కిటికీలోకి ప్లేటు రాగానే, బంగాళాదుంప అట్లుంటే యాపిల్ గుజ్జు, వేయించిన దుంప ముక్కలుంటే నిమ్మబద్ద, అన్నిటికీ రొట్టె, క్యాబేజీ తురుము పెట్టి బల్ల దగ్గరికి మోయడం మార్లిస్ పని. అందులో ఆమె పొరపాటు పడదు. ఆమె బలహీనతంతా కబుర్లే. ఆ సాయంత్రం, చిన్నప్పుడు ఆమెని బడి బస్సులో తీసుకెళ్లిన ఆర్విల్ వచ్చాడు. కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నాడు. దాని పేరేమిటి, ఎక్కడ పడుకుంటుంది, చెప్పులు కొరుకుతుందా అని మార్లిస్ అడుగుతూ నిలబడిపోయింది. కిటికీలో ప్లేట్లు పేరుకున్నాయి. కరకరలాడాల్సిన చేప మెత్తబడిపోయింది.

గోర్డీ చూశాడు. వడ్డించే కుర్రాడు డ్వేన్‌కి సైగ చేసి, ఆ ప్లేట్లు వెనక్కి పంపి కొత్తగా వేయించిన చేప మోయించాడు. మార్లిస్ దగ్గరికొచ్చి "పర్లేదు బంగారం, నువ్వు మాట్లాడుకో" అని భుజం తట్టాడు.

కాసేపటికి డ్వేన్ ఒక బల్ల దగ్గర ఆగి ఆదివారం ఫుట్‌బాల్ ఆట గురించి రెండు ముక్కలు మాట్లాడాడు.

"డ్వేన్! నీకు జీతమిస్తోంది చేపలు మొయ్యడానికి, ఆట చెప్పుకోడానికి కాదు. కదులు," అని అరిచాడు గోర్డీ.

డ్వేన్ నవ్వుకుంటూ కదిలాడు. మార్లిస్ ఖాళీ చేతులతో అక్కడే నిలబడింది. ఇన్నాళ్లూ మింగుడుపడనిదేమిటో అప్పుడు తెలిసింది. వీధి కిటికీ అద్దంలోంచి బయట కారు వైపు చూసింది. టెస్సా ఆమె మొహం చూసి తలుపు సగం తెరిచింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ వేసుకుంది.

మార్లిస్ బార్ దగ్గరికి నడిచింది.

"బాస్, నన్నెందుకు తిట్టలేదు?"

గోర్డీ గ్లాసులోకి బీరు పడుతున్నాడు. "నిన్నా? నిన్ను తిట్టడానికి నాకు మనసెలా వస్తుంది తల్లీ?"

"డ్వేన్‌ని తిట్టడానికి వచ్చిందిగా."

బార్ దగ్గరున్నవాళ్లు నవ్వారు. వాడు తిట్లు తినడానికే పుట్టాడన్నాడు గోర్డీ. మార్లిస్ నవ్వలేదు. తొందరపడితే ఆమెకి మాటలు ఒకదాని మీదొకటి పడిపోతాయి. అందుకని ఒక్కొక్కటే ఏరి పెట్టింది.

"ప్లేట్లు నావి. తప్పు నాది. డ్వేన్ పని చెయ్యకపోతే మీరు తీసేస్తారు. నన్ను తియ్యరు. నన్ను మీరసలు పెట్టుకోనేలేదు కదా."

బీరు గ్లాసు పొంగి గోర్డీ చేతిమీద కారింది. తను మంచివాడినన్న సంగతి అతనెప్పుడూ అనుమానించలేదు. ఇప్పుడు ఆ మంచితనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచనట్టు, గుడ్డ తీసుకుని చెయ్యి తుడుచుకున్నాడు. ఆ గుడ్డ బార్ మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"చేపంతా మెత్తబడిపోయింది మార్లిస్. మెత్తటి చేప నేనెవరికీ పెట్టను. మళ్లీ వేయించాల్సొచ్చింది. ఇంకోసారి ఇలా చేశావంటే ఇంటికి పంపించేస్తా. అర్థమైందా?"

తిట్టమని అడిగింది తనే. అయినా చెవులు ఎర్రబడ్డాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిట్టు ఇంత గట్టిగా తగులుతుందని ఆమె అనుకోలేదు.

ఆర్విల్ కుర్చీలోంచి లేచాడు. "పిల్ల మీద అరుస్తావేంరా గోర్డీ, నీకు సిగ్గులేదూ?"

"పిల్లని కాదు ఆర్విల్," అంది మార్లిస్ ముక్కు తుడుచుకుంటూ. "పనిలో ఉన్నా. కుక్కపిల్ల సంగతి తర్వాత."

వెళ్లి చేతులు కడుక్కుంది. కిటికీలో ప్లేట్లున్నాయి. అట్లకి యాపిల్ గుజ్జు, ముక్కలకి నిమ్మబద్ద. ఆ తర్వాత ఆర్విల్ బల్ల పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లినా తల ఊపిందేగాని ఆగలేదు. ఒకసారి మాత్రం నడుస్తూనే "పేరేమన్నావ్?" అని అడిగింది. అది విన్న డ్వేన్ పడీపడీ నవ్వాడు. బాస్ నిన్ను తిట్టాడంటే నువ్వూ మాలో దానివైపోయావ్, ఇంక తప్పించుకోలేవన్నాడు.

బల్లలు తుడిచాక గోర్డీ ఆమెని పిలిచి, వచ్చే శుక్రవారం మధ్యాహ్నమే రావాలన్నాడు. క్యాబేజీ తరగాలట. సోషల్ సెక్యూరిటీ కార్డు తెచ్చుకో, జీతాల పట్టీలో పేరెక్కించాలని కూడా అన్నాడు. పనిలో చేర్చుకునే రోజు ఎవరితోనైనా అతననే మాట అదే. నవ్వలేదు, భుజం తట్టలేదు.

అందరూ బార్ ముందు కూర్చున్నారు. డ్వేన్ బీరన్నాడు. గోర్డీ చెయ్యి అలవాటుగా చెర్రీల సీసా వైపు వెళ్లి, మధ్యలో ఆగింది.

"నువ్వేం తాగుతావ్?"

మార్లిస్ వెనక అరలోని సీసాలన్నీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"చెర్రీ సోడానే," అంది. "గొడుగు వద్దు."

ఇంటి దగ్గర దింపుతానన్నాడు డ్వేన్. కోటు తొడుక్కుని బయటికొచ్చి చూస్తే, టెస్సా కారు ఎప్పుడూ ఆగే చోటు ఖాళీగా ఉంది.