ఈ పూట నా తప్పు

మల్దోవా దేశంలోని సొరోకా ఊళ్లో పంతొమ్మిదేళ్లు డ్రైవింగ్ పరీక్షలు పెట్టినవాణ్ణి నేను, పేరు ఆర్కాడియే. నేను పక్క సీట్లో కూచుంటే ఎంతటివాడికైనా క్లచ్ మీద కాలు వణికేది. అది నా గొప్పతనమనుకునేవాణ్ణి.

నా భార్య రాయిసా ఇటలీలో, పాదువాలో, ఒర్తెన్సియా అనే పెద్దావిడను చూసుకునే పనిలో ఉంది. మల్దోవా వదిలి నేనూ అక్కడికే చేరాను. మా లైసెన్సును అక్కడి లైసెన్సుగా మార్చుకోవడానికి గడువుంటుంది. ఇంతటి అధికారిని కాగితాల కోసం వరుసలో నిలబడడమేమిటని బిగుసుకు కూర్చుని ఆ గడువు కాస్తా దాటబెట్టాను. తీరా ఫోన్‌లో ఉద్యోగాల యాప్ తెరిస్తే, నాకు చేతనైన వ్యాను డ్రైవరు పనులన్నిటికీ ఆ లైసెన్సే కావాలట. ఇక మొదటినుంచీ పరీక్ష రాయాల్సిందే, అదీ ఇటాలియన్‌లో.

రాయిసా నా ఫోన్‌లో ప్రశ్నల యాప్ ఒకటి పెట్టింది. ముప్పై ప్రశ్నలు, తప్పో ఒప్పో నొక్కాలి. మూడు తప్పుల దాకా క్షమిస్తారు. నాకు పదకొండు వచ్చాయి. జన్మలో కారు నడపని ఒర్తెన్సియమ్మ సరదాకి నొక్కితే తొమ్మిదే వచ్చాయి.

"బాధపడకు నాయనా, నీకు భాష రాదు కదా," అందావిడ.

భాష రాక పోయినవి నాలుగే. మిగతా ఏడూ రూలు తెలియక పోయినవి. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

నాకొచ్చిన ఇటాలియన్ అంతా ఆ యాప్ పెట్టిన భిక్షే. రొట్టెల కొట్లో ఒకావిడకు దారిస్తూ, కుడివైపు నుంచి వచ్చే వాహనానికే ప్రాధాన్యం అన్నాను. కొట్టంతా నవ్వింది.

పాదువాలోని మా మల్దోవా వాళ్ల ఫోన్ గ్రూపులో చాలామంది ఇదే పరీక్షతో కుస్తీ పడుతున్నారు. ఒక ప్రశ్నలో 'మాత్రమే' అన్న ఒక్క మాట నన్నెలా పడగొట్టిందో మా భాషలో చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టాను. మర్నాడు ఇంకోటి అడిగారు. నా దగ్గర తప్పులకేం కొరత? రోజూ పొద్దున్నే ఒకటి పెట్టసాగాను.

మూడు వారాలకు ఆ గ్రూపులోని దోయినా అనే ఆవిడ ఫోన్ చేసింది. అక్కడే ఒక డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తోందట.

"సొరోకాలో నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది మీరే కదా సార్? నేనేడుస్తుంటే టైము పాడుచెయ్యకు, దిగు అన్నారు."

నిజానికి నాకు గుర్తు లేదు. అలాంటి వాళ్లు ఎంతమందో. "నేనే అయ్యుంటానమ్మా. అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

దోయినా, "మీ తప్పులు రోజూ కాఫీ తాగుతూ వింటున్నాను సార్. ప్రాణం లేచొస్తోంది. మా స్కూల్లో పాఠాలు మన భాషలో విడమర్చే మనిషి కావాలి. ముందు మీరు పాసవ్వండి," అంది.

రాతపరీక్ష రెండోసారికి గట్టెక్కాను. బండి పరీక్షలో, ఆగమన్న గుర్తు దగ్గర పూర్తిగా ఆపలేదని మొదటిసారి దింపేశారు. రెండోసారి పాసయ్యాను.

ఇప్పుడు పగలు వ్యాను తోలుతూ, వారానికి మూడు సాయంత్రాలు ఆ స్కూలుకు వెళ్తున్నాను. తప్పు చేసినవాళ్లను కసిరే బుద్ధి ఇంకా పూర్తిగా పోలేదు. నా గొంతు లేచినప్పుడల్లా పక్కగదిలోంచి దోయినా దగ్గుతుంది. నేను గొంతు తగ్గించి మళ్లీ మొదటినుంచీ చెబుతాను.