దేవుని గురిగిలో రెండో పిడికిలి

ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పమంటే నేను లేవను. లేచినవాళ్లంతా ఒకటే చెబుతారు. దుఃఖం వచ్చింది, మోకరించాం, కన్నీళ్లు కార్చాం, దేవుడు తుడిచాడు అని. మంచిదే, ఎవరి అనుభవం వాళ్లది. నాకు రావాల్సినప్పుడు కన్నీళ్లే రాలేదు, ఇక ఆయన తుడిచేదేముంది? మోకరించింది కూడా లేదు. అలాంటి సాక్ష్యం నలుగురిలో చెబితే బాగుండదని నోరు మూసుకుని కూర్చుంటాను. చెప్పడం చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

నా పుట్టిల్లు మిర్యాలగూడ. మోతె దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. మా ఆయన అక్కడ మిషన్ బడి పంతులు. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, ఆదివారం అదే బడి కొట్టంలో ప్రార్థన నడిపించేవాడు. మా అత్త కూలికి పోయేది. మా క్రైస్తవుల ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు పోసేముందు, ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న మట్టికుండలో వేయాలి. దాన్ని దేవుని గురిగి అనేవాళ్లం. ఆదివారం ఎవరి గురిగి వాళ్లు తెచ్చి బడి కొట్టంలోని పెద్ద కాగులో కుమ్మరించేవాళ్లు. సూర్యాపేట నుంచి పాస్టరు అయ్యగారు వచ్చినప్పుడు వాటిని మూట కట్టుకుని పోయేవారు. ఆయన ఇల్లు గడిచేది ఆ గింజలతోనే. గురిగిలో పడిన గింజ మళ్లీ ఇంట్లోకి రాకూడదు. పస్తులున్నా సరే, దాని మీద చెయ్యి వేయకూడదు.

మూడేళ్ల నా బిడ్డకు ఆ పనంటే మహా ఇష్టం. నేను వేయగానే తనూ పిడికిలి నింపుకునేది. ఆ పిడికిట్లో పట్టేవెన్ని, పదిహేను గింజలు. అందులో సగం నేల మీదే పడేవి.

"ఏరు" అని కసిరేదాన్ని.

ఏరేది. ఒక్కొక్కటే ఏరి, ఊది, గురిగిలో వేసి, "దేవునికి ఆకలైతదా అమ్మా?" అని అడిగేది.

"నీకైనంత కాదు, జరుగు" అనేదాన్ని. నాకు పనుల తొందర. పిల్లతో ముద్దుగా మాట్లాడే రకం కాదు నేను.

తరవాత గడబిడ రోజులు వచ్చాయి. నిజాం రాజ్యం చివరి రోజులవి. పొద్దున ఒకరు, మాపటికి ఇంకొకరు ఊరి మీద పడేవారు, ఇళ్లు అంటుకునేవి. బండి కట్టుకుని, గురిగి కూడా అందులో పెట్టుకుని కోదాడ వెళ్లి మా ఆయన పెద్దమ్మ ఇంటి పశువుల కొట్టంలో తలదాచుకున్నాం. అక్కడ నాలుగో రోజు పొద్దున బిడ్డకు వాంతులు, బేదులు మొదలయ్యాయి. పొద్దు వాలకముందే అయిపోయింది. నా పాత చీర చింపి చుట్టాం. వాగు గట్టున మా ఆయనే తవ్వాడు, ఆయనే ప్రార్థన చేశాడు. మధ్యలో ఆయన ఆగిపోతే మా అత్త ఆమెన్ అని ముగించింది. అప్పటికి నాకు ఐదో నెల.

నేను ఏడవలేదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ ఇంటి పెద్దమ్మ, పాపం మంచిదే, నా పక్కన కూర్చుని, "దేవుడి చిత్తం అమ్మాయ్, ఓర్చుకోవాలి" అంది.

"గా చిత్తమేదో నీ ఇంట్లనే వెట్టుకో" అన్నాను.

ఉన్నది ఆమె కొట్టంలో, తింటున్నది ఆమె పెట్టిన తిండి. అయినా అనేశాను. రాజ్యం మారి, దారులు తెరిచాక మేం తిరిగి వస్తుంటే ఆమే బండిలో ఒక బస్తా తెల్ల జొన్నలు వేయించింది. నేనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. మా ఊళ్లో అందరిదీ పచ్చ జొన్న. ఆ ఏడు తెల్ల జొన్న తిన్నది మా ఇల్లొక్కటే.

వచ్చేసరికి ఇంటి కప్పు కాలిపోయి ఉంది. తాటాకు కప్పుకుని అందులోనే ఉన్నాం. నేను లేచేదాన్ని, విసిరేదాన్ని, వండేదాన్ని. జొన్న గటకలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. మా ఆయన పెట్టింది తిని చెయ్యి కడుక్కునేవాడు. ఆదివారం తల మీద కొంగు వేసుకుని ప్రార్థనలో కూర్చునేదాన్ని. అందరూ పాడితే పెదవులు కదిపేదాన్ని. లోపల ఏమీ లేదు. దేవుని మీద కోపమైనా ఉందా అంటే అదీ లేదు. ఉంటే బాగుండేది, కనీసం తిట్టుకునేదాన్ని.

నెలలు నిండాయి. మొదటి కాన్పు మిర్యాలగూడలో మా అమ్మ చేతుల మీద అయింది. ఈసారి దారుల్లో ఇంకా సోదాలు జరుగుతుండడంతో అమ్మ రాలేకపోయింది. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని ఎత్తి చూపిస్తే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

పిల్లను రొమ్ముకు పెట్టేవారు. పీల్చి పీల్చి ఏడ్చేది. సరిగా తిననిదానికి పాలెక్కడివి? ఇంట్లో తిండి కూడా అంతంతే. తెల్ల జొన్నలు అయిపోయాయి, మా అత్త కూలికి తెచ్చిన గింజలే దిక్కు. పక్కింటి వదిన చంకలో ఆరు నెలల కొడుకు. ఆమే రోజుకు రెండుసార్లు వచ్చి నా పిల్లకు పాలిచ్చి పోయేది. మిగతా వేళల్లో మేకపాలలో గుడ్డ వత్తి ముంచి నోట్లో పెట్టేవారు. పిల్ల తొడలు ముడతలు పడ్డాయి. ఏడుపు పిల్లికూన అరుపంత సన్నబడింది.

పదో రోజు వాకిట్లో మంత్రసాని మా అత్తతో అంటోంది: "తల్లికి పాలు పడకుంటే ఈ పిల్ల మీకు దక్కదు. ఒకదాన్ని పోగొట్టుకున్నరు, జర సూసుకోండ్రి."

నాకు వినిపించింది. విన్నాను, అంతే.

మరునాడు పొద్దున మా అత్త విసుర్రాయి ముందు కూర్చుంది. మంచం మీంచి చూస్తున్నాను. చాటలో ఉన్నవి రెండు పూటలకు చాలని గింజలు. అందులోంచి పిడికెడు తీసి గురిగిలో వేసింది. సరే, పద్ధతి. ఆ తరవాత మూడు వేళ్లతో ఇంకొన్ని తీసింది. పిల్ల పిడికెడు. అవీ వేసింది.

నా ఒళ్లు భగ్గుమంది. లేచి కూర్చున్నాను.

"గది ఎవలకేసినవ్? ఇంట్ల తిననీకి గింజల్లేవు, సచ్చినపిల్లకు పిడికిలేస్తున్నవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

మా అత్త నా వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"నేను మొదలువెట్టలేదు బిడ్డా. నువ్వే. కోదాడల, మట్టి చేసిన తెల్లారే. ఒకటి నీది, ఒకటి దానిది. గప్పటిసంది ఒక్క పొద్దు తప్పలేదు. నువ్వు మంచాన పడ్డవని నీ చెయ్యి నేను నడుపుతున్న."

నేను నమ్మలేదు. అబద్ధమాడుతున్నావన్నాను. ఆమె రాయి తిప్పడం మొదలుపెట్టింది. మా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకున్నాడు. ఇద్దరూ రోజూ చూస్తున్నారన్నమాట. నా చేతులకు తెలిసింది నాకు తెలియలేదు.

ఆ ఆదివారం గడబిడ తరవాత మొదటిసారి అయ్యగారు వచ్చారు. సూర్యాపేట నుంచి నడిచే వచ్చారు, మనిషి సగమయ్యారు. మేం ఊరికి తిరిగి వచ్చినప్పటి నుంచి కాగులో గింజలు పేరుకుని ఉన్నాయి. ప్రార్థన అయ్యాక వాకిట్లో మాటలు వినిపించాయి. పక్కింటి వదిన సగం కాగును చాటలో, బుట్టలో నింపుకుని మా గడప దగ్గర నిలబడింది. మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"వద్దమ్మా. గవి దేవునియి. మల్ల ఇంట్లకు రావొద్దు" అంటున్నాడు. ఆయన పట్టుదల నాకు తెలుసు. పిల్ల పోయినా సరే, పద్ధతి తప్పడు.

"ఓ పంతులన్నా, మేం దేవునికిచ్చినం. ఆయన ఎవలకిస్తడో ఆయనిష్టం. నడుమ నువ్వెవనివి?" అంది వదిన. ఆమె నోటికి ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పలేరు.

మా ఆయన అయ్యగారి వైపు చూశాడు. ఆ గింజల కోసం ఆయన ఇంట్లో ఎన్ని నోళ్లు ఎదురుచూస్తున్నాయో అందరికీ తెలుసు.

"జరుగు పంతులూ" అన్నారు అయ్యగారు. "ఆ చాటంత బరువు నేను సూర్యాపేట దాకా మోయలేను."

అంతే అన్నారు. వచ్చి నాకు ప్రసంగం చేస్తారేమోనని భయపడ్డాను. లోపలికే రాలేదు, వాకిట్లో నీళ్లు తాగి వెళ్లిపోయారు. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వదిన నా మంచం పక్కన కూలబడి, ఊళ్లో కబుర్లు చెబుతూ చాటలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. నేను ఊరికే చూస్తున్నాను. ఇరవై ఇళ్ల గింజలు. పచ్చ జొన్నలు, సజ్జలు, కొర్రలు, ఎవరో పండక్కి దాచుకున్న బియ్యం నూకలు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల జొన్నలు.

తెల్ల జొన్నలు ఇంకెవరింట్లోనూ లేవు. వేసినట్టు నాకు గుర్తే లేదు, కానీ అవి నా చేత్తో వేసినవే. మా అత్త చెప్పింది నిజమే. అందులో నా పిడికిలివి ఏవో, బిడ్డ పేరున వేసినవి ఏవో ఎవరు చెప్పగలరు? అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"ఇటియ్యి వదినె, నేనేరుత" అన్నాను.

వదిన కబుర్లు ఆపి చాట నా ఒళ్లో పెట్టింది. రాళ్లు ఏరాను. తెల్లవి తీయలేదు, అలాగే ఉంచాను. మా అత్త అన్నీ కలిపే విసిరి గటక వండింది, పక్కన వెల్లుల్లి కారం పెట్టింది. రకరకాల గింజలు ఒక్కలా ఉడకవు కదా. కొన్ని మెత్తగా, కొన్ని పంటికింద పలుకులు పలుకులుగా తగిలాయి. రెండు ముద్దలు తిని ఆగాను.

"అత్తా, గటకల ఉప్పు లేదు."

మా అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఓ యమ్మో! నాలుగు నెల్లు మాతోని సప్పిడి కూడు తినిపిచ్చి, ఇయ్యాల నాకు వంకలు వెడుతున్నవా?" అంది. అంటూనే ఉప్పు తెచ్చి కంచంలో వేసింది. నేను కంచం ఖాళీ చేశాను. మళ్లీ పెట్టించుకున్నాను.

మూడు రోజులు అలాగే తిన్నాను. పిల్లను నేనే అడిగి రొమ్ముకు పెట్టుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం రొమ్ములు సలిపాయి. పిల్ల పీలుస్తుంటే దాని గొంతులో గుటక వినిపించింది. ఒకటి, ఇంకొకటి. పక్కింటి వదిన వచ్చి చూసి, "ఇగ నా కొడుకు పాలు వానికి మిగిల్నయ్, బతికిండు" అని నవ్వింది. నేను నవ్వలేదు. గుటకలు వింటూ కూర్చున్నాను.

పురుడు తీరాక విసుర్రాయి ముందు కూర్చున్నాను. పిల్ల ఒళ్లో ఉంది. ఒక పిడికెడు గురిగిలో వేశాను. ఈసారి తెలిసే చిన్న పిడికిలీ వేశాను. అప్పుడు ఒళ్లోని పిల్ల గుప్పిట విప్పి నాలుగు గింజలు పెట్టి, ఆ చేతిని గురిగి మీదికి తెచ్చి విదిలించాను. రెండు లోపల పడ్డాయి. రెండు నేల మీద పడ్డాయి.

"ఏరు" అన్నాను.

అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఏరే పిల్ల కోదాడ వాగు గట్టున ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఎక్కడ దాక్కుందో అన్నాళ్లు, పొట్ట పట్టుకుని ఏడ్చాను. ఒళ్లో పిల్ల కూడా అందుకుంది. మా అత్త పొయ్యి దగ్గర నుంచి కదలలేదు, ఊరుకోమని అనలేదు.

ఏడవడం అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ రెండు గింజలూ నేనే ఏరి, ఊది, గురిగిలో వేశాను.