జర్మనీ దొర నల్ల రొట్టె

నేను కడపలో స్కూలు ఫైనలు దాకా చదివి, మైదుకూరు దగ్గరి పల్లెకు కోడలిగా పోయాను. మా మామకు నా చదువంటే గొప్ప. ఎవరైనా ఇంటికొస్తే ముందు తన ఎద్దుల్ని చూపించి, తర్వాత నన్ను చూపించేవాడు. "మా కోడలికి ఇంగ్లీషు వస్తాది" అనేవాడు. వచ్చిన ఇంగ్లీషు ఏపాటిదో నాకు తెలుసు.

నేను కాపురానికి పోయిన కొత్తలోనే వానలు మొహం చాటేశాయి. చుట్టుపక్కల గంజి కేంద్రాలు పెట్టారు. కూలీనాలీ జనం ముంతలు పట్టుకొని పోయేవాళ్లు. మేము పోలేదు. పెద్ద సేద్యం చేసిన ఇల్లు, ఎట్లా పోతాం? తలుపు దగ్గరికేసుకొని అంబలి తాగేవాళ్లం, అదీ ఒక్క పూటే. ఎవరైనా పిలిస్తే మూతి తుడుచుకొని, కడుపు నిండినవాళ్లలాగా బయటికొచ్చేవాళ్లం.

అట్లాంటప్పుడు ముగ్గురాయి గనుల కోసం కొండలు చూసుకుంటూ తిరిగే జర్మనీ దొర ఒకాయన జీపులో మా ఊరొచ్చాడు. మా మామ ఎదురుపోయి మధ్యాహ్నం భోజనానికి పిలిచేశాడు. అత్త తల పట్టుకుంది.

"ఏం పెట్టల్ల ఆయప్పకు? మన్ను పెట్టల్లనా?"

తిట్టుకుంటూనే, పండగకని కుండ అడుగున దాచిన వరిబియ్యం మొత్తం వండింది. పప్పు చేసింది. ఆ బువ్వ వాసనకు నాకు కళ్లు తిరిగాయి. దొర విస్తట్లో ఏమైనా మిగులుస్తాడా అని స్తంభం చాటు నుంచి చూశాను. ఒక్క మెతుకు మిగల్చలేదు. ఆకలిమీదున్నాడు, ఆయన తప్పేముంది పాపం.

చెయ్యి కడుక్కుంటూ, మీరెప్పుడు తింటారని నన్ను అడిగాడు.

"అందరం తినే ఉండామని చెప్పమ్మా" అన్నాడు మామ. చెప్పాను.

దొర జీపులోంచి ఒక రేకు డబ్బా తెచ్చి అరుగుమీద పెట్టాడు. మీ ఊరి భోజనం పెట్టారు, ఇప్పుడు మా ఊరిది రుచి చూడండి అన్నాడు. లోపల పలుచగా కోసిన రొట్టె ముక్కలు, మా నల్లరేగడి మన్నంత నల్లగా ఉన్నాయి. వాళ్లవైపు చలినేలల్లో పండే ఏదో ధాన్యమట. రాత్రీ పగలూ సన్నసెగన కాలుస్తారట. నెలల తరబడి చెడదట. దారిన పోయేవాడు పూటకూళ్లింట్లో దిగితే ముందు ఈ రొట్టె, పొగబెట్టిన పందిమాంసం, చిన్న గ్లాసులో సారాయి పెడతారట. పందిమాంసం సంగతి నేను మింగేశాను. సారాయి మాట మాత్రం తెలుగులో చెప్పాను. మద్యనిషేధం రోజులు కదా, మామ మొహం వెలిగిపోయింది.

దొర తలా ఒక ముక్క ఇచ్చాడు. మర్యాదకు అంచు కొరికాం. పుల్లగా ఉంది, నములుతుంటే తీపి దిగింది. అంతే, మా మర్యాద ఎటు పోయిందో తెలియదు. నేను నమలకుండానే మింగాను. మామ అరచేతిలో రాలిన పొడి కూడా నోట్లో వేసుకున్నాడు. చెబుతున్న దొర మాట ఆపేసి మమ్మల్నే చూశాడు. తర్వాత మా వంటింటి వైపు చూశాడు. నేల చీలితే లోపలికి పోదామనిపించింది నాకు.

వాకిలి చాటు నుంచి అత్త నా కొంగు లాగింది. "ఇంగా ఉండాయేమో అడుగమ్మా."

"అత్తా, ఊరుకో" అన్నాను.

"నీకు సిగ్గయితే నేనడుగుతా. ఆ మాటెట్లనాల్నో నాకు చెప్పు."

ఊళ్లో ఎవరి గడపలోనూ చేటెడు గింజలు అడగని మనిషి. ఆమె నోట ఆ మాట పలికించడం నా వల్ల కాలేదు. నేలకేసి చూస్తూ నేనే ఇంగ్లీషులో అడిగాను. మామ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండలోకి పోయాడు. అత్త బయటికొచ్చి దొర ముందు కొంగు పట్టింది.