సన్నగా వదిలిన నీళ్ళు

పొద్దున్నుంచీ బురుల్ వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కుళాయి విప్పుతుంది, వేళ్ళు పెడుతుంది, కట్టేస్తుంది. గోడకున్న గ్యాసు బాయిలర్‌కి చెవి ఆనించి వింటుంది. మళ్ళీ విప్పుతుంది. ముందు చల్లగా వస్తాయి. సరే, పైపులో నిలిచిన నీళ్ళు. తరవాత గోరువెచ్చగా. ఆ తరవాత చెయ్యి చుర్రుమనేలా. అంతలో ఏ దయ్యం ఊదుతుందో గానీ, లోపల మంట టప్పున ఆరిపోయి మంచునీళ్ళు! అరనిమిషం ఆగితే మళ్ళీ సలసలా.

"ఒక మాట మీద నిలబడవేమే నువ్వు?" అని బాయిలర్‌ని తిట్టింది. "మా ఆయనే నయం నీకన్నా."

మధ్యాహ్నానికి చుట్టాలొచ్చేస్తారు. మనవరాలు కుందుజ్‌కి ఇవాళ నలభయ్యో రోజు. చెక్క చెంచాతో నలభై చెంచాల నీళ్ళు లెక్కపెట్టి ఒంటి మీద పొయ్యాలి, నలభై గుడ్డముక్కలు కలిపి కుట్టిన చొక్కా తొడగాలి. ఆ నీళ్ళు పోసేది ఇంటి పెద్దావిడ. ఈ ఇంటికి పెద్దావిడ బురుల్ కాక ఇంకెవరు? ఆ చొక్కాకి గుడ్డలు కూడా తనే ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చింది. తోక్మోక్ ఊళ్ళో ఆ వీధి వీధంతా తెలుసు, ముసలమ్మ మోకాళ్ళ నొప్పితో మంచులో ఎంత తిరిగిందో.

అలాంటిది నిన్న సాయంత్రం కోడలు బేగిమై, తల వంచుకుని, నెమ్మదిగా చెప్పింది: "ఆపా, మీరు అలిసిపోతారు. రేపు నీళ్ళు మా అమ్మ పోస్తుంది. కెటిల్లో కాచుకుంటాం లెండి."

ఆపా అంటే అమ్మ. పెద్దావిణ్ణి ఎవరైనా, అత్తని కోడలైనా అలాగే పిలవాలి గనక పిలిచింది. అమ్మా అంటూనే పక్కకి నెట్టింది!

ఎందుకో బురుల్‌కి తెలుసు. పన్నెండు రోజుల కిందట, వంటిల్లు వెచ్చగా ఉంటుంది కదా అని, అక్కడి సింకులోనే పిల్లకి స్నానం చేయించింది. వేడీ చల్లా కలిపి, మోచేయి పెట్టి చూసి, పసిబిడ్డ ఉలిక్కిపడకూడదని కుళాయిని సన్నగా వదిలింది. అంతా బాగానే ఉంది. ఉన్నట్టుండి పిల్ల కెవ్వుమంది. బేగిమై పరుగెత్తుకొచ్చి లాక్కునేసరికి చిన్న పిక్క మీద ఎర్రటి మచ్చ. బొబ్బ లేవలేదు, రెండు రోజుల్లో పోయింది కూడా. కానీ ఆ రోజునుంచి కోడలు పిల్లని నీళ్ళ దగ్గర అత్త చేతికి ఇవ్వలేదు. ఒక్క మాట అనలేదు. ఇవ్వలేదంతే. అంటే బాగుండును. అంటే ఈవిడా రెండు అని ఉండేది, అక్కడితో తుడిచిపెట్టుకుపోయేది.

పైగా కొడుకు జోల్దోష్ భుజం మీద అరచేతి మందాన పాత మచ్చ ఒకటుంది. వాడికి మూడేళ్ళప్పుడు, ఇంట్లో చూసేవాళ్ళు లేక, డ్యూటీకి వెంట తీసుకెళితే ఆవిరి గొట్టానికి ఆనుకున్నాడు. బురుల్ అప్పుడు ఊరి బాయిలరిల్లులో పనిచేసేది. ఇరవై ఆరేళ్ళు చేసింది. నాలుగు పెద్ద బాయిలర్లు, పద్దెనిమిది వీధులకి వేడినీళ్ళు. మగాళ్ళు తాగి పడిపోయిన రాత్రుళ్ళు కూడా ఒంటిచేత్తో మంట నిలబెట్టింది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరూ నా నీళ్ళే పోసుకున్నారు అని గొప్పలు చెప్పుకునేది. ఇప్పుడు మనవరాలికి నలభై చెంచాలు పొయ్యడానికి ఆ చేతులు పనికిరాకుండా పోయాయి. ఎంత కడుపుమంట!

అందుకే పట్టుబట్టి కూర్చుంది. తప్పు బాయిలర్‌ది, తన చేతిది కాదు. అది చుట్టాలొచ్చేలోగా తేలాలి, కోడలి కళ్ళకి కనబడేలా చూపించాలి.

బాయిలరిల్లులో తనకి పని నేర్పిన ముసలాయన ఒకే సూత్రం చెప్పేవాడు: ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చాక కొలువు, కొలిచాకే ఇంకోటి ముట్టుకో. ట్రంకుపెట్టె అడుగునుంచి ఇత్తడి గొట్టంలో ఉండే పాత థర్మామీటర్ తీసింది. బకెట్ పెట్టింది. గోడ గడియారం ఎదురుగా నిలబడింది.

ముందు ప్రెషర్ చూసింది. ముల్లు సరిగ్గానే ఉంది. లోపల గార పట్టిందా అనుకుంది. అబ్బే, బాయిలర్ పెట్టి ఇంకా అయిదు నెలలు కాలేదు. దాన్ని బిగించిన మనిషికి ఫోన్ చేసింది.

"ఆపా, ఇవాళ నేను పక్క ఊళ్ళో ఉన్నాను, రేపొచ్చి చూస్తా."

"రేపొచ్చి నువ్వు చూసేదేంటి, నా మొహమా? పని ఇవాళ ఉంది!"

"పోనీ ఫిల్టర్ చూడండి. వచ్చే నీళ్ళు తగ్గితే కూడా అలా చేస్తుంది. అవునూ, నాబ్ ఎంత మీద పెట్టారు?"

"నాబ్ సంగతి నాకు నువ్వు నేర్పుతావా? నువ్వు పుట్టకముందు నుంచి తిప్పుతున్నాను నేను!" అని ఫోన్ పెట్టేసింది.

సింకు కింద వాల్వు కట్టేసి, పానాతో ఫిల్టర్ విప్పింది. బూడిదరంగు ఇసుక, చెంచాడు ఉంటుంది. దొరికావే దొంగముండా! ఆ ఇసుకని జాగ్రత్తగా సాసరులోకి దులిపి, బల్ల మీద పెట్టుకుంది, సాక్ష్యానికి. ఫిల్టర్ కడిగి బిగించింది. వాల్వు విప్పింది. కుళాయి తిప్పింది. ధార బలంగా వచ్చింది. సంతోషంతో, పిల్లకి పోసినట్టే, చల్లనీళ్ళు కలిపి సన్నగా చేసి చూసింది. నలభై రెండు. నలభై తొమ్మిది. యాభై ఎనిమిది. టప్. పద్నాలుగు.

"నీ దుంప తెగ!" అంది. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. అవతల పొయ్యి మీద గొర్రెమాంసం ఉడుకుతోంది, బోర్సోక్ పిండిముద్దలు నూనెలో వెయ్యాలి, బల్ల సర్దాలి, ఏదీ కాలేదు. బిగించిన చోట కారుతోందేమోనని పరదా తప్పించి మళ్ళీ సింకు కిందకి దూరింది.

అప్పుడు బేగిమై వంటింట్లోకొచ్చింది. పరదా వెనక నేలమీద ముడుచుకుని ఉన్న అత్తని చూడలేదు. నేరుగా బాయిలర్ దగ్గరికెళ్ళి, తలెత్తి చూడనైనా చూడకుండా, నాబ్ పట్టుకుని కిందకి తిప్పింది. వేడి కుళాయి పూర్తిగా విప్పి, చల్లది ముట్టుకోకుండా, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. రోజూ చేసే పని ఎలా చేస్తామో అలా చేసింది.

బురుల్ పరదా వెనక నుంచి అంతా చూసింది. ఓహో, ఇదా సంగతి! ఇంట్లోనే ఉందన్నమాట దొంగ. నాకు చెప్పకుండా నాబ్ తిప్పుతోంది, నిందేమో నా మీద! ఉండు, మీ అమ్మ రానీ, అందరి ముందూ అడుగుతాను.

లేచి చూసింది. ఇందాకటిదాకా అరవై మీదున్న నాబ్ ఇప్పుడు నలభై రెండు మీద ఉంది. సూత్రం సూత్రమే, తిట్టేముందు కొలవాలి. వేడి కుళాయి బాగా విప్పి థర్మామీటర్ పెట్టింది. నలభై ఒకటి. ఒక నిమిషం. నలభై ఒకటి. అయిదు నిమిషాలు. నలభై ఒకటి. మంట ఒక్కసారి కూడా ఆరలేదు, లోపల మెల్లగా ఊదుతున్నట్టు చప్పుడు. నీళ్ళు ఎంత బుద్ధిగా వస్తున్నాయో!

నాబ్ మళ్ళీ అరవైకి తిప్పి, చల్లది కలిపి, సన్నగా వదిలింది. ఎగబాకింది, ఆరింది, చల్లబడింది.

అర్థమైపోయింది. నీళ్ళెన్ని పోతే అన్నిటినే కాస్తుంది అది. సన్నగా వదిలితే, ఆ కాసిని నీళ్ళకి ఎంత చిన్న మంటైనా ఎక్కువే. కాగిపోతాయి. అవతల బాయిలర్ భయపడి మంట ఆర్పేస్తుంది. నలభై రెండు పెట్టి ధారాళంగా వదిలితే ఏ గొడవా లేదు. అంటే కోడలు పెట్టిందే సరి. మరి అరవై పెట్టిందెవరు?

బురుల్ తన కుడిచేతిని చూసుకుంది. గంట కిందట పెద్ద బాణలి తోమిందెవరు? గొర్రెకొవ్వు చల్లనీళ్ళకి మైనంలా బిగుసుకుంటుందని, గిన్నెలు తోమే ముందల్లా నాబ్ పైకి తిప్పేదెవరు? అలా తిప్పానని కూడా తెలీదు తనకి, చెయ్యి దానంతటదే పోతుంది. బాయిలరిల్లులో లెక్క అరవై. అరవైకి తగ్గితే తిట్లు పడేవి. ఇరవై ఆరేళ్ళు అరవై చూసిన చెయ్యి అది. ఆ స్నానం రోజున కూడా ముందు బాణలి తోమింది. తోమి, అదే కుళాయి కింద పసిదాన్ని పెట్టి, ముద్దుకొద్దీ సన్నగా వదిలింది.

గురివింద గింజకి తన కిందున్న నలుపు తెలీదంటారు. స్టూలు మీద కూలబడింది. తప్పు బాయిలర్‌దని రుజువు చేద్దామని మొదలుపెట్టి, తన చేతిదేనని తనే తేల్చుకుంది.

సరిగ్గా అప్పుడే వీధిగుమ్మం చప్పుడైంది. వియ్యపురాలు తోక్తోబుబు, చేతిలో మూట, నోట్లో మాట, రెండూ సిద్ధంగా పెట్టుకునే వచ్చింది.

"ఏమ్మా వదినా, ఊరికంతా నీళ్ళు కాచావుట, ఇంట్లో చెంచాడు కాయలేకపోయావా? మా పిల్ల కెటిల్ పెట్టమంది!" అంటూ బల్ల మీది సాసరు చూసింది. "ఇదేంటి, ఇసుక?"

"ఫిల్టర్లోది," అంది బురుల్.

"అమ్మో! ఇంత ఇసుక లోపలుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం! చూశావుటే బేగిమై, దొంగ దొరికింది. ఊరికే ముసలావిణ్ణి అనుకున్నాం. ఇంకేం, తీసేసిందిగా, పిల్లని నాయనమ్మకే ఇవ్వు. ఆవిడ చేత్తోనే పడాలి ఆ నీళ్ళు."

బేగిమై పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇసుక వంక చూసింది. పిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

ఒక్క "అవును" చాలు. అడిగింది తను కాదు, సాకు అందించింది వియ్యపురాలే. అవునంటే పిల్ల చేతిలో ఉంటుంది, చెంచా చేతిలో ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలీదు. బురుల్ నోరు తెరిచింది కూడా. కానీ పిక్క మీది ఆ ఎర్రమచ్చ కళ్ళ ముందు మెదిలింది. ఇవాళ అవునంటే రేపు బాణలి తోమాక ఈ చెయ్యి మళ్ళీ పైకి పోదూ?

"ఇసుక కాదు," అంది. "నేను. అరవై మీద పెట్టేది నేనే. కొవ్వు గిన్నెల కోసం. పెట్టి మర్చిపోతాను. ఆ రోజూ అంతే. పిల్లని కాల్చింది నా చెయ్యే."

తోక్తోబుబు మూట బల్ల మీద పెట్టేసింది.

"నాకు తెలుసు ఆపా," అంది బేగిమై నేల చూస్తూ.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మర్నాటినుంచీ. మీరు పెంచుతారు, నేను వెనకాలే వచ్చి తగ్గిస్తాను. రోజుకి నాలుగైదు సార్లు."

"మరి నోటితో చెప్పొచ్చుగా, తల్లీ! నోరు లేదూ నీకు?"

"కోడలు అత్తకి చెప్తుందా ఎక్కడైనా? మెట్టినింట్లో నాలుక దాచుకోమని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది."

ఇద్దరూ తోక్తోబుబు వంక చూశారు. ఆవిడ మూట విప్పడంలో ములిగిపోయింది.

"నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు," అంది బురుల్. "మధ్యలో ఈ పిచ్చిముండ కాలు కాలింది. చెప్పు తల్లీ. ఇప్పుడైనా చెప్పు. తిట్టు."

బేగిమై తలెత్తింది. ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది, అత్త మొహంలోకి అంతసేపు సూటిగా చూడటం అదే మొదటిసారి.

"అయితే వినండి ఆపా. ఆ నాబ్ జోలికి ఇంక వెళ్ళారో, ఊరుకోను. గిన్నెలు నేను తోముతాను. పిల్ల నీళ్ళు నేను పెడతాను. కుళాయి కింద పిల్లని ఎవరూ పెట్టకూడదు, మీరే కాదు, జోల్దోషయినా సరే. అర్థమైందా?"

ఆ ఊళ్ళో ఏ కోడలూ అత్తతో అలా మాట్లాడి ఉండదు. తోక్తోబుబు "అయ్యో అయ్యో" అని చెంపలు వాయించుకుంది. బురుల్‌కి మాత్రం పన్నెండు రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ ఎవరో తీసినట్టయింది.

"అర్థమైంది," అంది, చిన్నపిల్లలాగ.

బేగిమై నలభై రెండు పెట్టి, కుళాయి పూర్తిగా విప్పి, రాగిగిన్నె నింపి, కట్టేసింది. గిన్నె తెచ్చి పరుపు పక్కన పెట్టింది. పిల్లని విప్పి బురుల్ ఒళ్ళో పడుకోబెట్టింది. చెక్క చెంచా చేతికిచ్చింది. బురుల్ మోచేయి నీళ్ళలో పెట్టి చూసుకుంది. తీసి, మళ్ళీ పెట్టింది. చెంచా ముంచింది గానీ పొయ్యలేదు, ఆ నీళ్ళు తిరిగి గిన్నెలోకే వంచేసింది.

"నువ్వోసారి చూడమ్మా," అంది.

కోడలు చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మోచేయి అదే గిన్నెలో ముంచింది.

"బాగున్నాయి," అంది. "పొయ్యండి ఆపా. నేను లెక్కపెడతా. ఒకటి."