పండుగ రాని పాట

కీర్తనలు కట్టడం నా వృత్తి. మర్నాడు భద్రాచలంలో పాడాల్సిన కీర్తనకు చరణం కుదరక చిరాగ్గా ఉంటే, పాల్వంచ దాటాక అడవిలో బస్సు పంక్చరైంది. ఊరికే దిగుతూ ఎక్కుతూ ఉన్నాను. పక్కసీట్లోని కోయ పెద్దావిడ తమ ఊళ్లో విత్తనాల పండుగకు పాటలు పాడుకుంటామని చెప్పగానే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

"ఒకటి పాడమ్మా."

"ఇప్పుడెట్ల పాడుత సారూ? పండుగ రావాలె. అప్పటిదాంక కూనిరాగం గూడ తియ్యం."

"రెండు ముక్కలు చాలు," విసుక్కున్నాను.

"మరి మీ పాటలెప్పుడు పాడుతరు?"

"ఎప్పుడైనా, ఎక్కడైనా!" అన్నాను గొప్పగా.

ఆమె జాలిగా చూసింది. "గట్లయితే వాటికోసం ఎవలు ఎదురుచూస్తరు?"

ఫోన్ ఆపడం మరిచిపోయాను. తర్వాత వింటే, ఆమె ప్రశ్న అయ్యాక టైరు బిగిస్తున్న చప్పుడొక్కటే ఉంది.