నాయన బండిని దానమిచ్చిన తెల్లవారుజాము

ఇది కట్టుకథ అయితే నా నాలుక పడిపోనీ. మా అమ్మ హోసూరు పక్కన బాగలూరులోనే ఉంది, గట్టిగానే ఉంది. నమ్మకం లేకపోతే పోయి అడగండి. అయితే ఒకటి... ఆమె చెప్పదు.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. మా నాయన చిన్నప్పుడు ఆవులు మేపినవాడు. తర్వాత హోసూరులో ఫ్యాక్టరీ పని. రిటైరయ్యాక ఒక పాత బండి కొన్నాడు. చిన్న ఎస్‌యూవీ. మా ఊళ్ళో మాత్రం దాన్ని జీపనే అనేవాళ్ళు. రెండేళ్ళపాటు దాన్ని ఆవును కడిగినట్టు కడిగాడు, తోమాడు. తర్వాత జబ్బుపడి కృష్ణగిరి ఆస్పత్రిలో పోయాడు.

ఆ ఆస్పత్రి దగ్గరే అమ్మ ఒకటి చూసింది. దిక్కులేని ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటుంది, కృష్ణగిరికి ఇవతల. అక్కడివాళ్ళు ఒక ముసలాయన్ను షేర్ ఆటోలో, ఇద్దరి ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని తెచ్చారు. నాయన కర్మలన్నీ అయ్యాక అమ్మ ఒకటే మాట అంది.

"మీ నాయన బండి ఆ ముసలోళ్ళకు ఇచ్చేస్తామప్పా."

నాకు ఇష్టం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ బండిలోంచి నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందు దిగితే సెక్యూరిటీవాడు లేచి నిలబడేవాడు. ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడైనా లేస్తాడంటారు. నాకు మాత్రం ఇవ్వాలనేసరికి ఉన్న ప్రాణం పోయినట్టయింది. కానీ అమ్మకు ఎదురు చెప్పే ధైర్యమేదీ?

మా వాళ్ళలో ఆవును దానమిస్తే ఒక పద్ధతి ఉంది. పొద్దు పొడవకముందే దాన్ని తోలుకుపోయి అప్పజెప్పాలి. ఇల్లు కదిలే ముందు పెద్దకొడుకు దాని చెవిలో ఎవరింటికి పోతోందో చెప్పి, "ఇచ్చినాను" అని మూడుసార్లు అనాలి. బండికీ అదే పద్ధతి అంది అమ్మ.

"దీనికి చెవి యాడుందమ్మా?" అన్నాను.

అమ్మ ఎడమవైపు అద్దం చూపించింది. "ఇదే. వంగి చెప్పు."

మూడు గంటల వేళ, చలిలో, అద్దం దగ్గర వంగాను. ఇచ్చినాను. ఇచ్చినాను. మూడోసారి... దగ్గాను. అంతే కాదు. ఆర్సీ బుక్కు అప్పటికే బీరువాలో చీరల కింద దాచేశాను. అది లేకపోతే బండి వాళ్ళ పేరు మీదికి మారదు. నెలకో రెండు నెలలకో ఏదో సాకు చెప్పి వెనక్కి తెచ్చుకోవచ్చని నా లెక్క. అమ్మ నావైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "చలికి దగ్గొచ్చిందిమా" అన్నాను.

ధనుర్మాసం. ఒకటే మంచు. శూలగిరి దాటాం. కుందారపల్లి ఇంకో రెండు మూడు కిలోమీటర్లుందనగా... బండి ఆగిపోయింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. రోడ్డు పక్కకు దొర్లి నిలబడింది. తాళం తిప్పాను. టిక్... టిక్... అంతే. లైట్లు కూడా పోయాయి.

కాసేపటికి గానీ నాకు తట్టలేదు. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. అది చెన్నై-బెంగుళూరు రోడ్డు! ఏ వేళప్పుడైనా లారీ లేని ఆ రోడ్డును చూశారా మీరు? మంచు వెనక కొంచెం వెన్నెల. ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

అప్పుడు వినబడింది... ఊపిరి.

బుస్స్... బుస్స్... ఒకచోటి నుంచి కాదు. చుట్టూరా.

ఆవులు. మంచులోంచి ఒక్కొక్కటే వచ్చాయి. గిట్టల చప్పుడు లేదు. మెడలో గంటలు లేవు. వెనక మనిషి లేడు. బండి చుట్టూ నిలబడ్డాయి. ఒకటి ముందుకొచ్చి తలుపుకు మూతి ఆనించింది. నిదానంగా వాసన చూసింది. పక్కకు తప్పుకుంది. తర్వాత ఇంకొకటి... ఆ తర్వాత ఇంకొకటి...

చిన్నప్పుడు చూశాను దీన్ని. మందలోంచి ఒక ఆవును పంపించేటప్పుడు మిగతావి ఇలాగే వచ్చి వాసన చూసి పోతాయి. భయం వేసిందా అంటే, వేసింది. కానీ పారిపోవాలనిపించే భయం కాదు అది. గర్భగుడి తలుపులు తీసినప్పుడు మాట ఆగిపోతుందే, అలాంటిది. నా చేతులు వాటంతటవే స్టీరింగు వదిలేశాయి.

పక్కకు చూస్తే అమ్మ లేదు. తలుపు తీసిన చప్పుడు నేను వినలేదు. బండి ముందు, ఆ మంచులో, కొంగు తలమీద కప్పుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది.

ఆఖరున ఒక ముసలి ఆవు నా తలుపు దగ్గరికి వచ్చింది. ఒక కొమ్ము విరిగి ఉంది. అది వాసన చూసి పోలేదు. నన్నే చూస్తూ నిలబడింది. నేను కళ్ళు తిప్పుకున్నాను. మళ్ళీ చూశాను. అక్కడే ఉంది... నాకు ఏడుపొచ్చింది. నాయన పోయినప్పుడు కూడా రాని ఏడుపు. అప్పుడు అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఇచ్చినాను."

కళ్ళు తుడుచుకుని చూస్తే ఏమీ లేదు. అమ్మ పక్క సీట్లో ఉంది. ఒక లారీ హారన్ కొడుతూ దాటిపోయింది. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

కుందారపల్లి టీకొట్టు దీపం కింద ఆపి చూశాను. నా వైపు కిటికీ అద్దం మీద తడి మూతి గుర్తు. దిగి గుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. పోలేదు... లోపలి నుంచి తుడిచాను. పోయింది. గుడ్డకు నెమరేసిన గడ్డి వాసన.

పొద్దు పొడవకముందే ఆశ్రమం చేరాం. అక్కడ అన్నీ చూసుకునే పెద్దావిడ కర్పూరం వెలిగించి, తాళంచెవి కళ్ళకద్దుకుని, "ఆర్సీ బుక్కప్పా?" అని అడిగింది. మర్చిపోయానని చెప్పాలనుకున్నాను. నోరు తిరగలేదు.

"ఇంట్లో దాచిపెట్టినానమ్మా. సాయంత్రానికి తెచ్చిస్తాను."

అన్నట్టే తెచ్చిచ్చాను. దానికోసం ఇంటికి పోయేటప్పుడు, హోసూరు బస్సులో, అమ్మను అడిగాను.

"ఆ వేళప్పుడు అన్ని ఆవులు యాడనుంచి వచ్చినాయమ్మా?"

అమ్మ నా మొహం చూసింది. "ఆవులా? యాడ?"

"నువ్వు బండి దిగి దండం పెట్టినావు గదా!"

"పెట్టినాను."

"మరి దేనికి?"

అమ్మ కిటికీ వైపు తిరిగింది. శూలగిరి కొండ కనబడుతుండగా అడిగింది.

"నువ్వు మనసుతో ఇచ్చినావా, లేదా?"

"ఇచ్చినానమ్మా."

"వినినాడులే," అంది. "వినినాకే పోయినాడు."

ఎవరని అప్పుడు అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.