మజ్జిగ పోసిన యూనివర్సిటీ

అప్పట్లో మా తిరుపతి వైపు సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీకి వెళ్లడమంటే అలిపిరి మెట్లెక్కడం కన్నా కష్టమని పేరు. (మెట్లెక్కితే చివరికి దర్శనమైనా అవుతుంది.) నేను డిగ్రీ ముగించిన ఏడాది పైవాళ్లెవరికో విద్యార్థుల మీద దయ కలిగి, సేవలు మెరుగుపరచాలన్నారు. మెరుగుపరచడమంటే మావాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటే, కొండ మీద కంపార్ట్‌మెంట్లలో భక్తులను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టడం. పాత రేకుల షెడ్డు తీసేసి హాలు కట్టారు. ఫ్యాన్లు, కుర్చీలు, టోకెన్లు, టీవీ, వేళకు మజ్జిగ. సంతకం పెట్టే సారు మాత్రం పాత సారే, ఒక్కరే.

నాకు రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మేం యూనివర్సిటీకి వెళ్లిన రోజు సాయంత్రం లోపల ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించకపోతే ఇంకొకరిని పిలుస్తామని ముందే చెప్పారు. మాది వడమాలపేట. మా నాయన మామిడి మండీలో లారీలకు కాయలెత్తేవాడు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. నేను చేరిన రోజే మండీ మానేస్తానని మాటిచ్చాడు. అందుకే పులిహోర కట్టించుకుని మరీ నాతో బయలుదేరాడు.

హాలు చూసి నాయన మురిసిపోయాడు. చెప్పులు బయటే విడిచాడు. (ఆయన్ను చూసి ఇంకొందరూ విడిచారు.) మజ్జిగ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి అందుకున్నాడు. నేను కౌంటరు దగ్గరకు వెళ్లి గట్టిగా అడుగుతానంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "తొందరపడగూడదమ్మా. ఇంత మర్యాదగా కూసోబెట్టినోళ్లు ఊరికే పంపిస్తారా?" అన్నాడు. నిజమేననిపించింది. పాత షెడ్డులోనైతే ఎండకు తాళలేక అందరూ కిటికీ మీద పడేవాళ్లట, ఆ గోల భరించలేక సారు సంతకాలు పెట్టేసేవాడట. మజ్జిగ తాగిన నోటితో ఎవరు అరుస్తారు?

పొద్దు వాలాక నా టోకెన్ పిలిచారు. కౌంటరులో ఉన్న అమ్మాయి చాలా మెత్తగా చెప్పింది. "సారు మధ్యాన్నమే మీటింగుకు పోయినారక్కా. రేపు రండి." ఏం మీటింగని అడిగితే, విద్యార్థి సేవల మెరుగుదల గురించట. నవ్వాలని అప్పుడు తోచలేదు.

బయటికి వచ్చే దారిలో ఏడుపు ముఖం, నవ్వు ముఖం బొమ్మలతో ఒక మిషన్ పెట్టారు. హాలులో వసతులు ఎలా ఉన్నాయని దాని ప్రశ్న. "మజ్జిగ తాగినాం గదమ్మా, బాగుండాదని నొక్కు" అన్నాడు నాయన. ఏడుస్తూనే నవ్వు ముఖం మీద నొక్కాను. ఆయనా నొక్కాడు.

రేణిగుంటకు ఫోను చేస్తే ఇంకొకరిని పిలిచేశామన్నారు. మరునాడు సర్టిఫికెట్ కోసం నేనొక్కదాన్నే వెళ్లాను. నాయన అప్పటికే మండీకి వెళ్లిపోయాడు. ఆ కాపు అయిపోయేదాకా ఎత్తుతూనే ఉన్నాడు. ఆ భుజం మళ్లీ బాగుపడలేదు.

ఇప్పుడు నాకు వేరే ఉద్యోగం ఉంది. కానీ ఏ ఆఫీసులోనైనా కుర్చీ చూపించి మంచినీళ్లిస్తే కూర్చోను, నిలబడే మాట్లాడతాను. ఆ మధ్య ఆ యూనివర్సిటీ సేవలను ఎవరో తెగ మెచ్చుకున్నారని పేపర్లో వస్తే నాయనకు చదివి వినిపించాను. ఎడమ చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, "మనం నొక్కింది గూడా అందులో ఉంటాదిలే" అన్నాడు తృప్తిగా. కళ్లు తుడుచుకుంటూ నవ్వు ముఖం నొక్కిన ఆనాటి పిల్ల గుర్తొచ్చి, నాకూ నవ్వొచ్చింది.